ఫ్యామిలీతో ఫారిన్ వెళ్తున్నారా? ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టకముందే పిల్లల స్కూల్ ఫీజు లెక్క ఇలా వేసుకోండి

పోయిన ఆదివారం మా అపార్ట్‌మెంట్‌లో కింద ఫ్లోర్‌లో ఉండే కడప అమ్మాయి లాప్‌టాప్ పట్టుకుని పైకొచ్చింది. వాళ్ళాయనకి దుబాయ్‌లో ఆఫర్ వచ్చిందంట, వారంలో ఏదో ఒకటి చెప్పెయ్యాలంట. "పిల్లలిద్దరికీ కలిపి ఏడాదికి పదిహేడు లక్షల్లోపే అవుతుందక్కా ఫీజు, వచ్చే జీతానికి పర్లేదు కదా" అంది. స్క్రీన్ మీద చూస్తే స్కూల్ వెబ్‌సైట్‌లో ట్యూషన్ ఫీజు టేబుల్ ఒక్కటే ఉంది. అదొక్కటే చూసి ఆ మాట అంటోంది. నేను పొడుగు నోట్‌బుక్ ఒకటి తీసి డైనింగ్ టేబుల్ మీద పెట్టి, ఇద్దరం కూర్చుని మొదటి నుంచి రాసుకుంటూ పోతే రెండు గంటలు పట్టింది, చివర్లో వచ్చిన అంకె చూసి తను కాసేపు మాట్లాడలేదు.

మేం కూడా ఇదే బెంగళూరు కుందలహళ్ళి నుంచి పిల్లలతో వెళ్ళి మూడేళ్ళు దుబాయ్‌లో ఉండి తిరిగొచ్చినవాళ్ళం, కాబట్టి ఆ రోజు తనకి చెప్పిందంతా ఇక్కడ మీకోసం రాస్తున్నా. ఒక్క మాట మాత్రం మొదట్లోనే పట్టుకోండి. స్కూల్ ఫీజు ఏడాదికి ఎంత అన్నది సగం లెక్కే, మొదటి మూడు నెలల్లో చేతిలోంచి ఎంత వెళ్ళిపోతుంది అన్నది మిగతా సగం, చాలామంది ఇళ్ళల్లో ఇబ్బంది మొదలయ్యేది అక్కడే.

ముందు చూడాల్సింది, మీరు వెళ్ళే దేశంలో అసలు ఇంటర్నేషనల్ స్కూల్ అవసరమా అని. అమెరికాలో హెచ్4 (హెచ్1బీ మీద పనిచేసేవాళ్ళ కుటుంబానికిచ్చే వీసా) మీద వెళ్ళిన పిల్లలకి కూడా పబ్లిక్ స్కూల్ ఫ్రీ, బ్రిటన్‌లో స్కిల్డ్ వర్కర్ వీసా వాళ్ళ పిల్లలకి స్టేట్ స్కూల్ ఫ్రీ, జర్మనీలోనూ అంతే. అయితే ఫ్రీ అని సంబరపడి బడ్జెట్‌లో సున్నా రాసేయకండి, మంచి స్కూల్ ఉన్న ఏరియాలో ఇంటి అద్దె ఎక్కువ ఉంటుంది, అంటే ఫీజు అద్దె రూపంలో కడుతున్నట్టే, ఆ తేడా ఎంతో కనుక్కుని స్కూల్ ఖర్చు కిందే రాసుకోండి. బ్రిటన్‌లో ప్రైవేట్ స్కూల్ అనుకుంటే మాత్రం 2025 జనవరి 1 నుంచి ఫీజు మీద 20 శాతం వ్యాట్ పడుతోంది, పాత ఫీజుల లిస్ట్ ఎవరైనా పంపితే దాన్ని నమ్ముకోకండి. సింగపూర్‌లో లోకల్ స్కూల్‌లో చేర్చాలంటే మామూలుగా బయటి దేశాల పిల్లలకి పెట్టే ఏఈఐఎస్ పరీక్ష రాయాలి, సీటు ఖాయమనేది లేదు, అందుకే మనవాళ్ళు ఎక్కువమంది ప్రైవేట్ ఇంటర్నేషనల్ స్కూల్స్ వైపే వెళ్తారు, వాటి ఫీజు మీద 9 శాతం జీఎస్టీ ఉంటుంది. నెదర్లాండ్స్‌లో అయితే ప్రభుత్వం కొంత డబ్బు ఇచ్చే డచ్ ఇంటర్నేషనల్ స్కూల్స్ అని వేరే ఉన్నాయి, పూర్తి ప్రైవేట్ వాటితో పోలిస్తే ఫీజు బాగా తక్కువ, ముందు వాటిలో సీటు ఉందేమో అడగండి. జర్మనీలో ప్రైవేట్ స్కూల్ ఫీజు కడితే అందులో 30 శాతం, పిల్లకి ఏడాదికి 5,000 యూరోల దాకా ట్యాక్స్ లెక్కలో ఖర్చుగా చూపించుకోవచ్చు.

గల్ఫ్‌లో ఈ ఫ్రీ స్కూల్ ఆశ లేదు, మన పిల్లలకి ప్రైవేటే దారి. అందుకే మిగతా లెక్కంతా దుబాయ్‌ని ఉదాహరణగా పెట్టుకుని చెప్తా, మీ దేశం వేరైతే అంకెలు మార్చుకోండి, పద్ధతి అదే.

తర్వాత సిలబస్. ఇది చదువు విషయంలాగా కనిపిస్తుంది కానీ డబ్బు విషయం కూడా. రెండు మూడేళ్ళలో బెంగళూరుకో హైదరాబాద్‌కో తిరిగొచ్చే ఆలోచన ఉంటే సీబీఎస్ఈ స్కూల్ చూడండి, దుబాయ్, అబుదాబి, షార్జాలో బోలెడున్నాయి, బ్రిటిష్, ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్ అనే సిలబస్) వాటికంటే ఫీజు బాగా తక్కువ, వెనక్కి వచ్చాక పిల్లలు ఇబ్బంది లేకుండా కలిసిపోతారు. ఇంకో ఐదేళ్ళు, పదేళ్ళు బయటే అనుకుంటే బ్రిటిష్ సిలబస్సో ఐబీనో చూసుకోవచ్చు. మధ్యలో మార్చడం మాత్రం రెండు రకాలుగా ఖర్చు, ట్యూషన్లు పెట్టించాలి, పిల్లలు నలిగిపోతారు. సీబీఎస్ఈలో తొమ్మిదో క్లాస్‌లోనూ పదకొండులోనూ బోర్డు రిజిస్ట్రేషన్ అయిపోతుంది కాబట్టి పదికి, పన్నెండుకి నేరుగా కొత్త స్కూల్‌లో చేరడం కష్టం, మీ పెద్ద పిల్లలు ఆ వయసులో ఉంటే వెళ్ళే డేట్ దాన్నిబట్టే పెట్టుకోండి. ఒక ఏడాది నాన్న ముందెళ్ళి, పరీక్షలయ్యాక మిగతావాళ్ళు వెళ్ళడం కూడా తప్పేం కాదు, రెండు ఇళ్ళ ఖర్చు కూడా లెక్క కట్టి చూడండి, ఒక్కోసారి అదే తక్కువ తేలుతుంది.

ఇప్పుడు ఫీజు టేబుల్ చదవడం. ఇక్కడే కింద ఫ్లోర్ అమ్మాయి కూడా పొరపాటు పడింది. బ్రిటిష్ స్కూల్స్‌లో ఇయర్ 1 అంటే ఐదేళ్ళ పిల్లలు, మన లెక్కలో యూకేజీ వయసు. మన 2వ క్లాస్ పిల్ల అక్కడ ఇయర్ 3. తను ఇయర్ 2 లైన్ చూసి రాసుకుంది, 6వ క్లాస్ వాడికి ఇయర్ 6 రాసుకుంది, నిజానికి ఇయర్ 7 చూడాలి, అది సెకండరీలోకి వస్తుంది, చాలా స్కూల్స్‌లో అక్కడ ఫీజు ఒక్కసారిగా మెట్టు ఎక్కుతుంది. కాబట్టి క్లాస్ పేరు చూసి కాదు, పుట్టిన తేదీ చెప్పి ఏ ఇయర్‌లో వేస్తారో అడ్మిషన్స్ వాళ్ళని మెయిల్‌లో అడిగి, వాళ్ళు చెప్పిన లైన్ చూడండి.

దుబాయ్‌లో ఒక మంచి విషయం ఏంటంటే ప్రైవేట్ స్కూల్స్ మీద కెహెచ్‌డీఏ అనే ప్రభుత్వ సంస్థ అజమాయిషీ ఉంది. స్కూల్ ఇష్టం వచ్చినట్టు ఫీజు పెంచడానికి లేదు, ఎంత పెంచుకోవచ్చో లెక్కకి ఏటా ఒక ఇండెక్స్ ప్రకటిస్తారు, 2024-25కి 2.6 శాతం, 2025-26కి 2.35 శాతం ఇచ్చారు. స్కూల్ వారీగా ఏ క్లాస్‌కి ఎంత, పై ఖర్చులు ఏంటి అని ఫీజు ఫ్యాక్ట్ షీట్ ఉంటుంది, స్కూల్ ఇచ్చే రంగుల బ్రోషర్ పక్కన పెట్టి ముందు అది చదవండి. ఇన్‌స్పెక్షన్ రిపోర్టులు కూడా అక్కడే ఉంటాయి, అవుట్‌స్టాండింగ్ నుంచి వెరీ వీక్ దాకా రేటింగ్. అవుట్‌స్టాండింగే కావాలని పట్టుపట్టకండి, గుడ్ రేటింగ్ ఉన్న స్కూల్స్‌లో కూడా పిల్లలు చక్కగా చదువుకుంటున్నారు, ఫీజు మాత్రం చాలా తేడా ఉంటుంది.

ఇక నోట్‌బుక్‌లో మేం రాసుకున్న లెక్క. ఇవి ఉదాహరణకి అనుకున్న అంకెలు, మీ స్కూల్‌వి మీరు వేసుకోండి. దిర్హం 24 రూపాయలు అనుకున్నాం.

చిన్నదానికి ట్యూషన్ ఫీజు 30,000 దిర్హాలు, పెద్దాడికి 40,000, మొత్తం 70,000. రూపాయల్లో 16 లక్షల 80 వేలు, తను చెప్పిన పదిహేడు లక్షలు ఇదే. దీని కింద రాయడం మొదలుపెట్టాం. స్కూల్ బస్ ఒక్కొక్కరికి 6,000 చొప్పున 12,000. యూనిఫాం, పీఈ డ్రెస్, బూట్లు కలిపి 2,000. పుస్తకాలు, పెద్దాడికి స్కూల్ చెప్పిన ట్యాబ్‌తో కలిపి 3,000. అప్లికేషన్ ఫీజు స్కూల్‌కి 500 దాకా ఉంటుంది, సీటు ఎక్కడొస్తుందో తెలీదు కాబట్టి ఇద్దరికీ మూడేసి స్కూల్స్‌కి అప్లై చేస్తే 3,000, ఇది సీటు రాకపోయినా వెనక్కి రాదు. మొత్తం 90,000 దిర్హాలు, 21 లక్షల 60 వేల రూపాయలు. అంటే ట్యూషన్ ఫీజు మీద ఇంకో పావు వంతు పైనే పడింది, ఇందులో ట్రిప్పులు, స్విమ్మింగ్, స్కూల్ అయ్యాక క్లాసులు లేవు, క్యాంటీన్ లేదు. పదో క్లాస్ స్థాయిలో ఐజీసీఎస్ఈ అనే బ్రిటిష్ సిలబస్ పరీక్ష రాసే పిల్లలుంటే పరీక్ష ఫీజు సబ్జెక్టుల లెక్కన విడిగా ఉంటుంది. ఇంగ్లీష్‌లో సాయం కావాలన్నా, చదువులో విడిగా ఒకరి తోడు కావాలన్నా చాలా స్కూల్స్ వేరే చార్జ్ చేస్తాయి, మీ పిల్లలకి అలాంటి అవసరం ఉంటే దాచకండి, ముందే చెప్పి ఎంతవుతుందో రాతపూర్వకంగా తీసుకోండి. హాంకాంగ్ లాంటి చోట డిబెంచర్ అనో క్యాపిటల్ లెవీ అనో పెద్ద మొత్తం ముందే అడుగుతారు, అది వెనక్కి వచ్చేదా కాదా అన్నది కూడా అడగాలి.

90,000ని పన్నెండుతో భాగిస్తే నెలకి 7,500. జీతం నెలకి 25,000 అనుకుంటే ముప్పై శాతం స్కూల్‌కే. నా మటుకు నేను పావు వంతు దాటితే ఆ స్కూల్ మనది కాదనే చెప్తా, ఎందుకంటే అక్కడ అద్దె ఇంకో పావు పైగా తీసుకుంటుంది, ఊళ్ళో అమ్మానాన్నలకి పంపేది ఉంటుంది, ఏడాదికి ఒకసారైనా నలుగురికీ ఫ్లైట్ టికెట్లు ఉంటాయి, వీటిలో ఏదీ ఆపలేం.

అసలైన కాగితం ఇప్పుడు. కొత్త పేజీలో నెలలు పైన రాయండి, చేరే నెలకి రెండు నెలల ముందు నుంచి మొదలుపెట్టి, ఏ నెలలో ఏది కట్టాలో దాని కింద వేయండి. దుబాయ్‌లో సీటు ఖాయం చేసుకోవడానికి ట్యూషన్ ఫీజులో 10 శాతం దాకా కట్టించుకుంటారు, అది తర్వాత ఫీజులో తగ్గిస్తారు. ఫీజు మూడు టర్ములు, మొదటి టర్మ్‌కి 40 శాతం అనుకుందాం. మా ఉదాహరణలో ఇలా వచ్చింది: అప్లికేషన్లకి 3,000, సీటుకి 7,000, మొదటి టర్మ్ 28,000లో ఆ 7,000 పోను 21,000, యూనిఫాం 2,000, పుస్తకాలు 3,000, బస్ మొదటి టర్మ్ 4,800. కూడితే 40,800 దిర్హాలు, దగ్గర దగ్గర 9 లక్షల 80 వేల రూపాయలు. ఇదంతా మొదటి మూడు నెలల్లోనే, అందులో కొంత మొదటి జీతం రాకముందే.

సరిగ్గా అదే టైమ్‌లో ఇల్లు తీసుకోవాలి. అక్కడ అద్దె నెలనెలా కాకుండా ఏడాదికి ఇన్ని చెక్కులు అని కట్టడం అలవాటు, నాలుగు చెక్కులంటే మూడు నెలల అద్దె ఒకేసారి, దాని పైన డిపాజిట్, ఏజెంట్ కమిషన్. ఏడాది లెక్కలో అంతా బాగానే ఉన్నట్టు కనిపించినా ఈ మూడు నెలలు మాత్రం గొంతు దాకా వస్తుంది. మాకు ఆ నెల ఎలా గడిచిందో నాకింకా గుర్తుంది, మా అమ్మ ఇచ్చిన బంగారం ఇక్కడ బ్యాంక్‌లో పెట్టి తీసుకున్న డబ్బుతో మొదటి టర్మ్ కట్టాం. ముందే తెలిసుంటే ఆ అవసరం వచ్చేది కాదు, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

ఈ రెండు కాగితాలు చేతిలో పెట్టుకుని అప్పుడు హెచ్ఆర్‌తో మాట్లాడండి, సంతకానికి ముందు. ఆఫర్‌లో "ఎడ్యుకేషన్ అలవెన్స్" అని ఒక లైన్ ఉంటే అది చూసి తృప్తి పడిపోకండి. ఎంతమంది పిల్లలకి, పిల్లకి ఎంత లిమిట్, ఏ వయసు నుంచి, కేజీ పిల్లలకి వర్తిస్తుందా, ట్యూషన్ ఒక్కటేనా లేక రిజిస్ట్రేషన్, బస్, పుస్తకాలు కూడానా, కంపెనీ నేరుగా స్కూల్‌కి కడుతుందా లేక మనం కట్టి బిల్లు పెడితే తర్వాత ఇస్తారా, ఏడాదిలోపు ఉద్యోగం మానేస్తే వెనక్కి కట్టాలా. అన్నీ మెయిల్‌లోనే అడగండి, ఫోన్‌లో చెప్పిన మాట తర్వాత ఎవరికీ గుర్తుండదు. గల్ఫ్ కాని దేశాల్లో ఇంకో ప్రశ్న కూడా ఉంది, కంపెనీ కట్టే ఫీజు మీద మీకు ఇన్‌కమ్ ట్యాక్స్ పడుతుందా, పడితే అదెవరు భరిస్తారు. అలవెన్స్ అసలు లేదు, ఇవ్వలేం అంటే కనీసం జీతం అడ్వాన్స్ అడగండి. కింద ఫ్లోర్ అమ్మాయి వాళ్ళాయన అదే అడిగాడు, మొదటి టర్మ్ ఫీజంత అడ్వాన్స్ ఇచ్చి పది నెలల్లో జీతంలోంచి పట్టుకుంటామని ఒప్పుకున్నారంట, నోట్‌బుక్‌లో పేజీ ఫోటో తీసి పెట్టాకే ఒప్పుకున్నారని బుధవారం పొద్దున్నే వచ్చి చెప్పింది.

ఇప్పుడు బెంగళూరు వైపు లెక్క, దీన్ని ఎవరూ రాసుకోరు. ఇక్కడ స్కూల్స్ వచ్చే ఏడాది ఫీజు ఫిబ్రవరి, మార్చిలోనే అడగడం మొదలుపెడతాయి. మాకు ఆఫర్ మాటలు నడుస్తూ ఉండగానే, ఎటూ తేలలేదు కదా సీటు పోతుందేమో అని మార్చిలో మొదటి ఇన్‌స్టాల్‌మెంట్ కట్టేశాం, జులైలో వెళ్ళాం, ఆ డబ్బు ఒక్క రూపాయి వెనక్కి ఇవ్వలేదు, చేరేటప్పుడు కట్టిన కాషన్ డిపాజిట్ కూడా నోటీస్ టైమ్‌కి ఇవ్వలేదని పట్టుకున్నారు. తప్పు వాళ్ళదే అని నేను ఇప్పటికీ అనుకుంటా, కానీ ఫారంలో చిన్న అక్షరాల్లో రాసే ఉంది, దాని కింద మా సంతకమే ఉంది. కాబట్టి ఆఫర్ మాట వినపడగానే మీ స్కూల్ ఫారం తీసి నోటీస్ ఎన్ని నెలలో చూసుకోండి, ఫీజు నెలవారీగానో టర్మ్‌వారీగానో కట్టే వీలుందేమో అడగండి. ఇంకోటి, దుబాయ్‌లో ఇండియన్ స్కూల్స్ ఏప్రిల్‌లో మొదలవుతాయి, బ్రిటిష్ స్కూల్స్ ఆగస్టు చివర్లో. మీరు జులైలో వెళ్తే సీబీఎస్ఈలో మధ్యలో చేరతారు, అప్పుడు అయిపోయిన టర్మ్ ఫీజు అడగకూడదు కదా, చేరిన నెల నుంచే కడతామని ముందే మాట్లాడుకోండి.

టీసీ, దాని మీద ముద్రలు కూడా ఖర్చే. కర్ణాటకలో బీఈఓ (బ్లాక్ ఎడ్యుకేషన్ ఆఫీసర్) సంతకం, ఆ పైన అటెస్టేషన్. యూఏఈకి అపోస్టిల్ అనే ముద్ర ఒక్కటే సరిపోదు, మన విదేశాంగ శాఖ తర్వాత ఎంబసీ ముద్ర కూడా కావాలి. ఏ ముద్రలు కావాలో కొత్త స్కూల్‌ని అడిగి లిస్ట్ తీసుకోండి, అవసరం లేనివి కూడా అంటగట్టే ఏజెంట్లు ఎక్కువ.

ఇక్కడి నుంచి డబ్బు పంపడం గురించి కొంచెం జాగ్రత్త. ఒక ఆర్థిక సంవత్సరంలో ఒక మనిషి ఎల్ఆర్ఎస్ (మనం బయటి దేశాలకి డబ్బు పంపుకోవడానికి రిజర్వ్ బ్యాంక్ పెట్టిన స్కీమ్) కింద రెండున్నర లక్షల డాలర్ల దాకా పంపచ్చు, లిమిట్ సమస్య కాదు. సమస్య టీసీఎస్, అంటే డబ్బు పంపేటప్పుడే బ్యాంక్ ముందుగా పట్టుకునే ట్యాక్స్. 2025 ఏప్రిల్ 1 నుంచి 10 లక్షల దాకా టీసీఎస్ లేదు, అంతకుముందు అది 7 లక్షలు. దాటితే చదువు కోసం పంపేదానికి ఒక రేటు, మిగతావాటికి అంతకంటే చాలా ఎక్కువ రేటు, అందుకే బ్యాంక్ ఫారంలో కారణం చదువు అని సరిగ్గా రాయించి స్కూల్ ఇన్వాయిస్ జత చేయండి, నేరుగా స్కూల్ అకౌంట్‌కే పంపండి. ఆ 10 లక్షలు ఒక్కో పాన్‌కి విడిగా కాబట్టి భార్యాభర్తలిద్దరి డబ్బూ ఉంటే పెద్దాడి ఫీజు ఒకరు, చిన్నదానిది ఒకరు పంపుకోవచ్చు. కట్టిన టీసీఎస్ రిటర్న్ వేసినప్పుడు సర్దుబాటు అవుతుంది, కానీ అప్పటిదాకా ఆ డబ్బు చేతిలో ఉండదు, మూడు నెలల కాగితంలో అది కూడా రాయండి. క్రెడిట్ కార్డ్‌తో కట్టేస్తే ఈజీ కదా అంటారు, చాలా కార్డులకి ఫారెక్స్ చార్జీ 3.5 శాతం దాకా ఉంటుంది, పది లక్షలకి ముప్పై ఐదు వేలు ఊరికే పోతాయి. ఈ ఫీజుని మన ఇన్‌కమ్ ట్యాక్స్‌లో మినహాయింపుగా చూపించుకుందాం అనుకుంటే కుదరదు, అది మన దేశంలో ఉన్న స్కూల్స్‌కే.

ఇక రాబోయే ఏళ్ళు. ఒక్క ఏడాదికి లెక్క వేసి ఆపకండి, ఎన్నేళ్ళు ఉంటారో అన్నేళ్ళకి వేయండి. ఫీజు పెరుగుదల రెండు శాతం చిల్లరే అయినా పిల్లలు ఏటా పై క్లాస్‌కి వెళ్తారు, అక్కడ ఫీజే ఎక్కువ, అందుకే నేను ఏడాదికి 5 శాతం వేస్తా. 70,000 రెండో ఏడాది 73,500, మూడో ఏడాది 77,175. పక్కన ఒక టర్మ్ ఫీజు ఎప్పుడూ విడిగా ఉంచండి, ముట్టుకోకండి. ఉద్యోగం పోతే పిల్లలు కనీసం ఆ టర్మ్ పూర్తి చేసి టీసీ తీసుకోగలగాలి, ఫీజు బాకీ ఉంటే కాగితాలు తెచ్చుకోవడం నరకం. మధ్యలో మానిస్తే ఎన్ని వారాలకి ఎంత వెనక్కి ఇస్తారో స్కూల్ కాంట్రాక్ట్‌లో ఉంటుంది, చేరేరోజే చదవండి.

తిరిగొచ్చే ఏడాది కూడా ఒక లైనే. ఇక్కడ మళ్ళీ అడ్మిషన్ ఫీజు కట్టాలి, పాత స్కూలే అయినా కొత్తగా చేరినట్టే తీసుకుంటారు. పెద్ద పిల్లలుంటే సీటు సంగతి చూడండి, కర్ణాటక సీఈటీలో (ఇంజనీరింగ్ లాంటి కోర్సులకి ఎంట్రన్స్) మామూలుగా లోకల్ అవ్వాలంటే మొత్తం మీద ఏడేళ్ళు ఇక్కడ చదివుండాలి, మన తెలుగు రాష్ట్రాల్లో లోకల్ స్టేటస్‌కి ఇంటర్ దాకా చివరి నాలుగేళ్ళు ఎక్కడ చదివారు అన్నది చూస్తారు. ఎనిమిదో క్లాస్‌లో తిరిగి రావడానికీ పదకొండులో రావడానికీ మధ్య తేడా ఒక్కోసారి ఇంజనీరింగ్ సీటు ఫీజంత ఉంటుంది.

చివరగా నేను తనచేత నోట్‌బుక్‌లో రాయించిన లైన్, తెలుగు. ఇక్కడే పిల్లలు స్కూల్‌లో కన్నడ, హిందీ చదువుతారు, తెలుగు ఇంట్లో మాటల వరకే. అక్కడ అరబిక్ కూడా తోడవుతుంది. మనబడి లాంటి ఆన్‌లైన్ క్లాసులున్నాయి, ఖర్చు మిగతావాటి ముందు చాలా చిన్నది. మా చిన్నది దుబాయ్‌లో ఉండగానే గుణింతాలు నేర్చుకుని, నెల్లూరులో తాతయ్యకి పుట్టినరోజుకి తెలుగులో కార్డు రాసింది, అది ఆయన ఇంకా పర్సులో పెట్టుకుని తిరుగుతున్నాడు.

ఇంకొక్క సంగతి, అక్కడి నుంచి తిరిగొచ్చేటప్పుడు కూడా టీసీ, మార్కుల కాగితాల మీద ఏ ముద్రలు కావాలో ఇక్కడ చేర్చబోయే స్కూల్‌ని అడిగి, బయల్దేరే నెలలోపే అన్నీ అక్కడే వేయించుకోండి. వీసా క్యాన్సిల్ అయ్యాక బెంగళూరులో కూర్చుని అవి తెప్పించుకోవాలంటే కొరియర్లు, ఏజెంట్లు, పవరాఫ్ అటార్నీ, ఆ లోపు ఇక్కడ జూన్‌లో స్కూల్ మొదలైపోతుంది.